నిద్ర పట్టడం లేదా? మాత్ర వేసుకునే ముందు జబ్బు పేరు తెలుసుకోండి

మా నాన్న గురక మా వీధిలో అందరికీ తెలుసు. ఎండాకాలం డాబా మీద పడుకుంటే పక్కింటివాళ్లు మంచాలు అవతలి పిట్టగోడ వైపు జరుపుకునేవాళ్లు. అంత గురక పెట్టే మనిషి పొద్దున లేచి "రాత్రంతా నిద్ర లేదు" అంటే ఇంట్లో ఎవరమూ నమ్మేవాళ్లం కాదు. పేపరు చదువుతూ కునికేవాడు. పెళ్లి భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని, వడ్డించేవాళ్లు వచ్చేలోపు కునుకు తీసేవాడు. చివరికి డాక్టరు దగ్గరికి వెళ్లి "నిద్ర సరిగ్గా పట్టడం లేదండీ" అన్నాడు. నిద్రమాత్ర రాశారు. నాలుగేళ్లు వేసుకున్నాడు.

ఆ నాలుగేళ్లలో మా అమ్మను ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ మాత్రం రాత్రిళ్లు లేచి కూర్చుని ఆయన ఊపిరి కోసం చూసేది. "గురక వస్తుంటే కాదురా, ఆగిపోతే భయం. మళ్లీ గుర్రుమంటే గానీ నాకు నడుం వాల్చబుద్ధి కాదు" అని ఒకసారి నాతో అంది. ఆ ఒక్క మాట వేరే డాక్టరు చెవిన పడిన నెలలోనే జబ్బు పేరు తెలిసింది. స్లీప్ ఆప్నియా. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. అలాంటి మనిషికి గొంతు కండరాలను ఇంకా వదులు చేసే మాత్రలు నాలుగేళ్లు ఇచ్చాం.

జ్వరం వస్తే మలేరియానా, టైఫాయిడా, డెంగీనా అని రక్తపరీక్ష చేయిస్తాం. నిద్ర దగ్గరికొచ్చేసరికి "నిద్ర పట్టడం లేదు" అనే మాటనే జబ్బు అనుకుంటాం. ఆ మాట కింద వేర్వేరు జబ్బులున్నాయి. ఒకదానికి పనికొచ్చేది ఇంకొకదానికి చెరుపు చేస్తుంది. మీది ఏదో ఇంట్లో కూర్చుని చాలావరకు పట్టుకోవచ్చు. ఎలాగో వరసగా చెబుతాను. ఖాయం చేయాల్సింది డాక్టరే, కానీ డాక్టరు మీ రాత్రిని చూడరు. మీరు పట్టుకెళ్లిన వివరాలనే చూస్తారు.

మొదటి పని: రెండు వారాలు రాయండి

ఒక నోటుబుక్కు మంచం పక్కన పెట్టుకోండి. పొద్దున లేవగానే ఈ వివరాలు రాయండి: మంచం ఎక్కిన టైం, నిద్ర పట్టిందని మీకు అనిపించిన టైం, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎందుకొచ్చింది, పొద్దున లేచిన టైం. సాయంత్రం మరో రెండు లైన్లు: పగలు కునుకు తీశారా, టీ కాఫీలు ఎప్పుడెప్పుడు తాగారు, మద్యం తాగారా, ఏ మాత్రలు వేసుకున్నారు, పగలు ఒళ్లు ఎలా ఉంది. ఆదివారాలు తప్పకుండా రాయండి. సెలవు రోజు నిద్ర చాలా గుట్టు విప్పుతుంది, అదెలాగో తర్వాత చెబుతాను.

రాత్రి గడియారం చూసి రాయకండి. మెలకువ వచ్చిన ప్రతిసారీ ఫోన్ తీసి టైం చూడటం నిద్రలేమిని పెంచే అలవాట్లలో ఒకటి. పొద్దున ఉజ్జాయింపుగా రాస్తే చాలు. చేతి వాచీలు చూపించే "డీప్ స్లీప్" లెక్కలను కూడా మరీ నమ్మకండి. అవి కదలికనూ నాడినీ బట్టి కట్టే అంచనాలు. పడుకున్న టైం, లేచిన టైం వరకు పనికొస్తాయి.

టీ కాఫీల టైం ఎందుకంటే, తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు తాగిన కాఫీలో సగం రాత్రి 11కి ఇంకా ఒంట్లోనే ఉంటుంది.

వారం రాశాక మొదట ఒక లెక్క చూసుకోండి. మీరు నిద్రకు ఇస్తున్న టైం ఎంత? పెద్దవాళ్లకు కనీసం 7 గంటలు కావాలి. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10, బడికి వెళ్లే చిన్నపిల్లలకు 9 నుంచి 12 గంటలు. రాత్రి గిన్నెలు కడిగి, పప్పు నానబెట్టి పన్నెండింటికి మంచం ఎక్కి, పొద్దున అయిదింటికి టిఫిన్ బాక్సుల కోసం లేచే ఇల్లాలికి ఉన్నది నిద్ర జబ్బు కాకపోవచ్చు. నిద్రకు టైమే లేదు. మాత్రతో ఆ టైం పుట్టదు. ఆ ఇంట్లో పని పంచుకోవాలి.

రెండో పని: సాక్షిని అడగండి

నిద్రలో ఏం జరిగిందో పడుకున్న మనిషికి తెలియదు. పక్కన పడుకునేవాళ్లను కూర్చోబెట్టి అడగండి. గురక ఉందా? వెల్లకిలా పడుకుంటే ఎక్కువవుతుందా? మధ్యలో గురక ఆగి, నిశ్శబ్దంగా ఉండి, గుక్క తిప్పుకున్నట్టు మళ్లీ మొదలవుతుందా? కాళ్లు తన్నుతున్నారా? అరుస్తున్నారా, గుద్దుతున్నారా? నోరు తెరుచుకుని పడుకుంటున్నారా? పళ్లు కొరుకుతున్నారా?

వాళ్లు మొహమాటపడతారు. మా అమ్మ నాలుగేళ్లు చెప్పకపోవడానికి కారణం అదే. "మగవాళ్లు గురక పెట్టరా ఏంటి, దీనికి కూడా డాక్టరా" అనుకుంది. అందుకే మీరే అడగండి. ఒంటరిగా ఉండేవాళ్లు రాత్రి ఫోన్‌లో ఆడియో రికార్డింగ్ పెట్టి పడుకోండి. కాళ్లు చేతులు కదిలించే మనిషైతే ఇంట్లోవాళ్ల చేత వీడియో తీయించండి. రెండు నిమిషాల వీడియో చూస్తే న్యూరాలజిస్టుకు (నరాల డాక్టరుకు) సగం సంగతి అర్థమవుతుంది.

మూడో పని: మగతా, అలసటా తేల్చుకోండి

ఈ రెంటికీ చాలా తేడా ఉంది. అలసట అంటే ఒళ్లు బరువు, ఓపిక లేకపోవడం, కళ్లు మంటలు. కానీ మధ్యాహ్నం పడుకుంటే నిద్ర రాదు. మగత అంటే వద్దన్నా కళ్లు మూతపడటం. నిద్రలేమి ఉన్నవాళ్లు ఎక్కువగా అలసట అంటారు. ఆప్నియా, నార్కోలెప్సీ (పగలు ఆపుకోలేని నిద్ర తెచ్చే జబ్బు) ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడ కునుకుతారు. దారి ఇక్కడే చీలుతుంది.

మగతను కొలవడానికి డాక్టర్లు వాడే చిన్న పరీక్ష ఒకటుంది. పేరు ఎప్‌వర్త్ స్కేల్. ఆస్ట్రేలియా డాక్టర్ ముర్రే జాన్స్ 1991లో తయారుచేశారు. ఎనిమిది సందర్భాలు చెబుతాను. ఒక్కోదాంట్లో కునుకు పట్టే అవకాశం అసలు లేకపోతే 0, కొద్దిగా ఉంటే 1, ఒక మాదిరిగా ఉంటే 2, బాగా ఉంటే 3 వేసుకోండి. కూర్చుని చదువుతున్నప్పుడు. టీవీ చూస్తున్నప్పుడు. నలుగురిలో కదలకుండా కూర్చున్నప్పుడు, అంటే సినిమా హాల్లోనో మీటింగ్‌లోనో. గంటసేపు ఆగకుండా కారులో కూర్చుని వెళ్తున్నప్పుడు. మధ్యాహ్నం వీలు దొరికి నడుం వాల్చినప్పుడు. ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు. మద్యం తాగకుండా భోజనం చేసి ఊరికే కూర్చున్నప్పుడు. ట్రాఫిక్‌లో కారు కొన్ని నిమిషాలు ఆగినప్పుడు.

మొత్తం 24కి మీకు 10 దాటితే మగత మామూలుగా ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉన్నట్టే. మా నాన్నకు 17 వచ్చింది. మాట్లాడుతున్నప్పుడు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అనే రెండింటిలో సున్నా కాక ఏది వచ్చినా, మొత్తం ఎంతైనా సరే, బండి తాళాలు ఇంకొకరికి ఇచ్చేయండి. డాక్టరును కలిసేదాకా నడపొద్దు. ఒకవేళ దారిలో మగత వస్తే అద్దం దించడం, పాటలు పెంచడం పనిచేయవు. బండి పక్కకు ఆపి 20 నిమిషాలు పడుకోవాలి. రాత్రి 2 నుంచి తెల్లవారుజామున 5 మధ్య ఎంత అలవాటైన డ్రైవరుకైనా ఒళ్లు నిద్రనే కోరుతుంది. తిరుపతికో షిర్డీకో రాత్రి ప్రయాణాలు పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

నాలుగో పని: మీ నోటుబుక్కులో ఏ జాడ ఉందో చూడండి

గురక, పగటి మగత. ఈ రెండూ కలిస్తే ముందు అనుమానించాల్సింది ఆప్నియానే. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. 10 సెకన్లు, ఆపైన ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, గుర్రుమని గాలి అందుతుంది, మళ్లీ నిద్ర. గంటకు 5 సార్లలోపు అయితే పెద్దవాళ్లలో మామూలే. 5 నుంచి 15 వరకు స్వల్పం, 30 దాటితే తీవ్రం. ముప్పై అంటే ప్రతి రెండు నిమిషాలకొకసారి మెదడు లేస్తోందన్నమాట. ఆ మనిషికి మాత్రం లేచినట్టే గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నాను, అయినా తల దిమ్ముగా ఉంది అంటాడు.

మిగతా గుర్తులు: పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవడం, మతిమరుపు, చిరాకు. రాత్రి మూత్రానికి లేస్తే షుగరనో ప్రొస్టేట్ అనో పరీక్షలు చేయించుకుంటాం. అవి చేయించుకోవాల్సిందే. కానీ అవి బాగున్నా లేస్తుంటే ఆప్నియా గురించి అడగండి. మూడు రకాల మాత్రలు వాడినా బీపీ దిగకపోతే అప్పుడూ అడగండి.

దీనికి స్టాప్‌బ్యాంగ్ అని ఎనిమిది ప్రశ్నల జల్లెడ ఉంది: గట్టిగా గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ (ఎత్తుకు బరువు లెక్క) 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవారు కావడం. మెడ కొలత టైలర్ టేపుతో చూసుకోండి. చొక్కా కాలర్ లెక్కలో సుమారు 16 అంగుళాలు. మూడు "అవును"లు వస్తే పరీక్ష గురించి డాక్టరును అడగాలి, అయిదు, ఆపైన వస్తే ఆలస్యం చేయకూడదు. సన్నగా ఉన్నాం కదా అని ధీమా పడొద్దు. దవడ చిన్నగా, వెనక్కి ఉన్నవాళ్లకు బరువు లేకపోయినా వస్తుంది. ఆడవాళ్లలో, ముఖ్యంగా ముట్లు ఆగాక, గురక పెద్దగా వినిపించకుండానే నీరసం, తలనొప్పి, కలత నిద్రగా బయటపడుతుంది. వాళ్లకు టెన్షన్ అనో రక్తం లేదనో చెప్పి పంపేస్తుంటారు.

తెలుగు సినిమాలకూ హుషారైన పాటలు కట్టిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో చనిపోయినప్పుడు వైద్యులు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు పేరే ముందుంది. చాలామంది తెలుగువాళ్లు ఈ పేరు మొదటిసారి విన్నది అప్పుడే. గురక పెడుతున్నాడంటే గాఢనిద్ర అనే నమ్మకం మన ఇళ్లలో ఇంకా పోలేదు.

పిల్లలు గురక పెడితే అసలు ముద్దు చేయకండి. వారంలో మూడు రాత్రులకు మించి గురక, నోరు తెరిచి పడుకోవడం, మెడ వెనక్కి వాల్చడం, నిద్రలో చెమటలు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం కనిపిస్తే టాన్సిల్స్, అడినాయిడ్స్ వాచాయేమో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పెద్దవాళ్లలా వీళ్లు పగలు కునకరు. కుదురు లేకుండా గెంతుతారు, చదువులో ధ్యాస ఉండదు. బడిలో అల్లరివాడని పేరు పడుతుంది.

మంచం ఎక్కితే కళ్లు తెరుచుకోవడం. గురక లేదు, పగలు కునుకు రాదు, రాత్రి మాత్రం నిద్ర పట్టదు, లేదా మధ్యలో లేస్తే మళ్లీ పట్టదు. వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలుగా ఇలాగే ఉండి, పగటి పనులకు ఇబ్బంది అవుతుంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. పరీక్షలప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు, పెళ్లి ముందు రోజుల్లో కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం ఎవరికైనా ఉంటుంది. కారణం పోయాక కూడా నిద్ర తిరిగి రాకపోతేనే జబ్బు. అప్పటికి మంచమే భయంగా మారి ఉంటుంది. సోఫాలో కునికిన మనిషికి మంచం మీదికి వెళ్లగానే మెలకువ వచ్చేస్తుంది. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అంటారు మన పెద్దలు. ఈ జబ్బులో అది తిరగబడుతుంది. కొత్త పరుపు, ఏసీ, మెత్తని దిండు అన్నీ ఉంటాయి, నిద్ర ఉండదు.

దీనికి మొదటి చికిత్స మాత్ర కాదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే స్పష్టంగా చెప్పింది. అలవాట్లనూ ఆలోచననూ సరిచేసే సీబీటీ‑ఐ అనే పద్ధతి మొదట వాడాలి. దాని మూలసూత్రాలు మీరే మొదలుపెట్టవచ్చు.

నిద్ర వచ్చినప్పుడే మంచం ఎక్కండి. మంచం మీద ఫోన్, లెక్కలు, గొడవలు వద్దు. సుమారు 20 నిమిషాలు అయిందనిపించినా పట్టకపోతే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి. ఒకటే గది ఉన్న ఇల్లయితే మంచం దిగి కుర్చీలోనో చాప మీదో కూర్చోండి. మళ్లీ కళ్లు మూతపడుతుంటే మంచం మీదికి రండి. ఎన్నిసార్లయినా సరే. పొద్దున లేచే టైం మాత్రం మారకూడదు, ఆదివారమైనా, రాత్రి రెండు గంటలే నిద్ర పట్టినా. పగటి కునుకు మానేయండి.

ఇంకో సూత్రం వినడానికి వింతగా ఉంటుంది: మంచం మీద గడిపే టైం తగ్గించాలి. నోటుబుక్కు లెక్కలో మీరు సగటున నిద్రపోయేది 6 గంటలు, మంచం మీద ఉండేది 9 గంటలు అనుకుందాం. రాత్రి 12 నుంచి పొద్దున 6 వరకే మంచం మీద ఉండండి. ఒళ్లు నిద్రకు ఆకలి పడుతుంది. మంచం మీదున్న టైంలో 85 శాతం నిద్రే అయినప్పుడు వారానికి 15 నిమిషాల చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. 5 గంటలకంటే తగ్గించకూడదు. మొదటి రెండు వారాలు కష్టంగా ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. డ్రైవర్లు, యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు, ఫిట్స్ లేదా బైపోలార్ ఉన్నవాళ్లు ఇది సొంతంగా చేయకూడదు, డాక్టరు చూసుకుంటుండగానే చేయాలి.

తెల్లవారుజామున మూడు నాలుగింటికే మెలకువ వచ్చి, మనసు బరువుగా ఉండి, దేనిమీదా ఆసక్తి లేకపోతే అది డిప్రెషన్ కావచ్చు. మానసిక వైద్యుణ్ని కలవండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే నోటుబుక్కు రెండు వారాలు నిండేదాకా ఆగొద్దు. ఈ రోజే ఇంట్లో ఒకరికి చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

కాళ్లు. ఈ జబ్బు పేరు తెలియక బాధపడుతున్నవాళ్లు మన ఆడవాళ్లలో చాలామందే ఉంటారని నా నమ్మకం. రాత్రి పడుకోగానే పిక్కల్లో ఏదో లాగినట్టు, పురుగులు పాకినట్టు, నొప్పి అనలేని బాధ. కదిలిస్తే హాయి, ఆపితే మళ్లీ మొదలు. లేచి వరండాలో నాలుగడుగులు వేస్తారు. పిల్లల్ని పిలిచి కాళ్లు తొక్కమంటారు. పగలు పనిలో ఉన్నంతసేపు ఏమీ ఉండదు. దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. స్వీడన్ వైద్యుడు ఎక్‌బామ్ 1945లో దీన్ని వివరంగా రాశాడు.

నాలుగు గుర్తులు కలవాలి: కాళ్లు కదిలించాలనే తపన, ఊరికే ఉన్నప్పుడు ఎక్కువవడం, కదిలిస్తే తగ్గడం, సాయంత్రం రాత్రి వేళల్లోనే ముదరడం. పిక్క గట్టిగా పట్టేసి విపరీతంగా నొప్పి పెడితే అది ఇది కాదు. షుగరు ఉన్నవాళ్ల అరికాళ్ల మంటలు కూడా వేరు, అవి నడిస్తే తగ్గవు.

ముఖ్యమైన కారణం ఐరన్. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంది. హిమోగ్లోబిన్ చూసి "రక్తం బాగానే ఉంది" అనేస్తారు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంత ఉందో చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష. అది అడిగి చేయించుకోండి. మామూలు మనిషికి పర్వాలేదనే అంకె కూడా ఈ జబ్బులో తక్కువ కిందే లెక్క. 75 లేదా అంతకు తక్కువ ఉంటే ఐరన్ ఇవ్వడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు. వేసుకునేటప్పుడు టీతో వద్దు, నిమ్మరసంతో మేలు. గర్భిణులకు చివరి నెలల్లో ఇది వచ్చి కాన్పు తర్వాత చాలామందికి తగ్గిపోతుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఎక్కువ. మగత తెచ్చే జలుబు మాత్రలు, వాంతులకు వాడే మెటాక్లోప్రమైడ్, కొన్ని డిప్రెషన్ మందులు దీన్ని పెంచుతాయి. అందుకే మీరు వాడే మాత్రలన్నీ నోటుబుక్కులో రాయమన్నాను.

సెలవు రోజు బాగా నిద్ర పడుతుందా? ఇందాక ఆదివారం గురించి చెప్పింది ఇందుకే. మామూలు రోజుల్లో రెండింటిదాకా నిద్ర పట్టక, కాలేజీ లేని రోజు మూడింటికి పడుకుని పదకొండింటిదాకా హాయిగా పోయే కుర్రాడికి నిద్రలేమి లేదు. వాడి ఒంటి గడియారం వెనక్కి జరిగింది. యుక్తవయసులో అది సహజంగానే కొంత జరుగుతుంది. అలాంటి పిల్లల్ని తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేపి పుస్తకం ముందు కూర్చోబెట్టే ఇంటర్ హాస్టళ్లు ఆ వయసుకు చేస్తున్నది అన్యాయమని నేను గట్టిగా అనుకుంటాను. పిల్లవాడికి సోమరి అని పేరు పెట్టే ముందు, లేవగానే అరగంట ఎండలో తిప్పండి. రాత్రి ఫోన్ వెలుగు తగ్గించండి. లేచే టైం రోజుకు పది, పదిహేను నిమిషాలు ముందుకు జరపండి.

నైట్ షిఫ్టు వాళ్లదీ గడియారం సమస్యే. హైదరాబాద్‌లో అమెరికా టైముకు పనిచేసేవాళ్లు, ఆసుపత్రి నర్సులు, వాచ్‌మెన్లు అందరూ ఇందులోకి వస్తారు. షిఫ్టుకు ముందు సాయంత్రం గంటన్నర పడుకోండి. కాఫీ షిఫ్టు మొదటి సగంలోనే. పొద్దున ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, ఎందుకంటే ఒంటి గడియారాన్ని తిప్పేది వెలుతురే. కిటికీలకు మందపాటి దుప్పటి కట్టి గది చీకటి చేసుకోండి. సెలవు రోజున పూర్తిగా పగటి మనిషిగా మారిపోకుండా కనీసం నాలుగు గంటల నిద్రయినా రోజూ ఒకే వేళలో ఉండేలా చూసుకోండి. కాలింగ్ బెల్లు, కొరియర్ వాళ్లు, చుట్టాలు, వీటి సంగతి ఇంట్లోవాళ్లు చూసుకోవాలి.

నవ్వితే మోకాళ్లు వదులవడం. ఇది అరుదు, కానీ తెలియక ఏళ్లు పోగొట్టుకుంటారు. రాత్రి సరిపడా పడుకున్నా పగలు ఆపుకోలేని నిద్ర, గట్టిగా నవ్వినప్పుడో కోపం వచ్చినప్పుడో స్పృహ ఉండగానే మోకాళ్లు, దవడ, మెడ ఒక్కసారిగా జారిపోవడం. ఇది నార్కోలెప్సీ. మెదడులో మెలకువను నిలబెట్టే ఒరెక్సిన్ అనే రసాయనం తగ్గడం వల్ల వస్తుంది. ఆ రసాయనాన్ని కనుక్కున్నది 1998లోనే. చాలామందికి టీనేజీలో మొదలవుతుంది. ఫిట్స్ అనో బద్ధకం అనో పొరబడతారు. న్యూరాలజిస్టును కలవండి.

దయ్యం గుండెల మీద కూర్చోవడం. మెలకువ వచ్చింది, కళ్లు తెరిచారు, గది కనిపిస్తోంది, వేలు కూడా కదలదు, ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది. ఇలా జరిగిన పిల్లకు తాయెత్తు కట్టించడం నేను చూశాను. జరిగేదేమిటంటే, కలలొచ్చే నిద్రలో మనం కలను ఒంటితో ఆడకుండా మెదడు కండరాలను కట్టేస్తుంది. ఒక్కోసారి మెలకువ ముందొచ్చి కట్లు ఆలస్యంగా విడతాయి. కొన్ని సెకన్లు, మహా అయితే కొన్ని నిమిషాలు. ప్రమాదం లేదు. వేలి కొసలు కదిలించడానికి ప్రయత్నించండి. నిద్ర తక్కువైనప్పుడు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది, ఆ రెండూ సరిచేసుకోండి. పగటి మగత కూడా ఉంటేనే డాక్టరు దగ్గరికి.

ఆ కట్లే వేయకపోతే? కలలో దొంగతో కొట్లాడుతూ పక్కనున్న భార్యను గుద్దుతారు, మంచం మీంచి కింద పడతారు. 50 దాటిన మగవారిలో, రాత్రి రెండో సగంలో ఎక్కువ. 1986లో మిన్నెసోటా వైద్యులు దీన్ని మొదటిసారి ఒక జబ్బుగా గుర్తించారు. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వంటి జబ్బులకు ఏళ్ల ముందే ఇది కనిపించవచ్చు కాబట్టి న్యూరాలజిస్టుకు తప్పక చూపించాలి. ఈలోపు మంచం ఎత్తు తగ్గించండి, పక్కన గాజు సామాను, టేబుల్ ఫ్యాన్ తీసేయండి.

పిల్లల నిద్రనడక దీనికి భిన్నం. అది పడుకున్న మొదటి రెండు మూడు గంటల్లో, గాఢనిద్రలో వస్తుంది, పొద్దున ఏమీ గుర్తుండదు. చాలామందికి వయసుతో పోతుంది. కుదిపి లేపొద్దు, చేయి పట్టి మంచం దాకా తీసుకెళ్లండి. డాబా మెట్ల తలుపుకు తాళం వేయండి. ప్రతిసారీ ఒకే రకం కదలికలు, నాలుక కొరుక్కోవడం, ఒళ్లు బిగుసుకోవడం ఉంటే అవి ఫిట్స్ కావచ్చు. వీడియో తీసి వెంటనే చూపించండి.

మాత్రల గురించి ఒక మాట

ఆల్ప్రాజోలం, జోల్పిడెం వంటి నిద్రమాత్రలు షెడ్యూల్ హెచ్1 మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పాత చీటీతో, తెలిసిన షాపులో కొనుక్కుని ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లు ప్రతి కుటుంబంలో ఒకరైనా కనిపిస్తారు. మీరూ అలా వేసుకుంటుంటే ఇది చదివి రేపటినుంచి ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే వణుకు, భ్రమలు, ఫిట్స్ రావచ్చు. తెలంగాణలో ఇది కళ్లారా చూశాం. కల్తీ కల్లులో కలిపేది ఆల్ప్రాజోలం, డయజిపాం వంటివే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు జనం బారులు తీరారు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

మద్యం తాగితే నిద్ర పడుతుంది అనేవాళ్లకు: పడుతుంది, రాత్రి రెండో సగంలో తెగిపోతుంది. గురక ఉన్నవాళ్లకు ఊపిరి ఆగడం పెరుగుతుంది.

చివరి పని: డాక్టరు దగ్గర, పరీక్ష రాత్రి

గురక, ఊపిరి సమస్యకు పల్మనాలజిస్టు (ఊపిరితిత్తుల డాక్టరు) లేదా ఈఎన్‌టీ. కాళ్లు, నార్కోలెప్సీ, కలల్లో కొట్లాటకు న్యూరాలజిస్టు. నిద్రలేమికి మానసిక వైద్యుడు. ఊళ్లో వీళ్లెవరూ లేకపోతే మీ ఫ్యామిలీ డాక్టరుకే నోటుబుక్కు, ఎప్‌వర్త్ అంకె, వీడియో చూపించండి. సాక్షిని వెంట తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే "నిద్ర పట్టడం లేదు" అనకండి. "పట్టడానికి గంటన్నర పడుతోంది, పగలు కునుకు రాదు" అనో, "ఎనిమిది గంటలు పడుకుంటాను, పగలు కునుకుతాను, గురక ఆగిపోతోందని మా ఆవిడ అంటోంది" అనో చెప్పండి.

నిద్రలేమికి మామూలుగా స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో చేసే పరీక్ష) అవసరం లేదు. ఆప్నియా, నార్కోలెప్సీ, కలల్లో కొట్లాట వంటి వాటి అనుమానం ఉంటేనే రాస్తారు. తల మీద, కళ్ల పక్కన, గడ్డం మీద, కాళ్ల మీద చిన్న వైర్లు అంటిస్తారు, ముక్కు దగ్గర గొట్టం, ఛాతీకి పొట్టకు బెల్టులు, వేలికి క్లిప్పు. సూదులు ఉండవు. ఆ రోజు తలకు నూనె రాయకండి, రాస్తే వైర్లు అంటుకోవు. మీ దిండు, మీ లుంగీ పట్టుకెళ్లండి. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు వేసుకోవాలా అని ముందే అడగండి. ఇంట్లోనే పెట్టుకునే చిన్న మిషన్‌తో చేసే పరీక్ష కూడా ఉంది, చాలామందికి అది సరిపోతుంది.

తీవ్రమైన ఆప్నియా అని తేలితే సీపాప్ మిషన్ రాస్తారు. సిడ్నీలో డాక్టర్ కాలిన్ సల్లివన్ బృందం 1981లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి గొంతును మూసుకుపోకుండా నిలబెడుతుంది. మొదటి రాత్రే పీకి పారేయాలనిపిస్తుంది. మా నాన్న రెండు రాత్రులు పీకేశాడు. అందుకే ముందు పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోండి, మూడు నాలుగు రోజులు అలా చేశాక రాత్రికి వెళ్లండి. మాస్కు చెంపల దగ్గర గాలి కారుతుంటే సైజు మార్చమని అడగండి, ఓర్చుకోవద్దు. ముక్కు ఎండిపోతుంటే నీటి తొట్టి ఉన్న హ్యూమిడిఫయర్ జోడించమనండి. మాస్కును రోజూ సబ్బు నీళ్లతో కడగండి.

మొదటి వారం మా అమ్మకు నిద్ర పట్టలేదు. చప్పుడు లేక. రాత్రి లేచి ఆయన ఛాతీ మీద చేయి పెట్టి చూసేది. మిషన్ పెట్టుకున్న మనిషి పక్కన పడుకునేవాళ్లకూ పది రోజులు టైం ఇవ్వండి. నెల తిరిగాక ఎప్‌వర్త్ మళ్లీ వేసుకుని, పాత అంకె పక్కన రాసి, మిషన్ మెమరీ కార్డుతో పాటు డాక్టరుకు చూపించండి. రాత్రికి కనీసం నాలుగు గంటలైనా వాడుతున్నారా, ఒత్తిడి సరిపోతోందా అనేది అందులో ఉంటుంది.